‘క్లరికల్’ అనే మాట వెనక ఉన్న మనిషి

ఇంగ్లీషు పత్రికల్లో ‘క్లరికల్’ అనే విశేషణం ఎదురైనప్పుడు, వాక్యం చివరిదాకా చదివితే తప్ప అది దేని గురించో తేల్చి చెప్పడం కష్టం. ‘క్లరికల్ ఉద్యోగాలు’ అన్నచోట అది ఫైళ్లు, రిజిస్టర్లు, నకళ్లు, లెక్కాపత్రాల వ్యవహారం. ‘క్లరికల్ నాయకత్వం’ అన్నచోట అదే మాట మతగురువుల పెత్తనాన్ని సూచిస్తుంది. ఒక మాటకు నాలుగైదు అర్థాలు ఉండడం ఏ భాషలోనైనా మామూలే గాని, వాటి మధ్య ఏదో ఒక పోలిక సాధారణంగా పైకి కనబడుతూనే ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. నిఘంటువులు ఒకటి, రెండు అని అంకెలు వేసి రెండర్థాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటాయి. బలిపీఠం ముందు నిలబడిన మనిషికీ, బల్ల ముందు కూర్చుని పద్దులు రాసే మనిషికీ చుట్టరికం ఎక్కడ కలిసిందన్న ప్రశ్న పాఠకుడికే మిగిలిపోతుంది. వీలు దొరికినప్పుడల్లా ఈ మాట చరిత్రను తిరగేస్తూ వచ్చిన నాకు అర్థమైందేమిటంటే, చాలా శతాబ్దాలపాటు ఆ రెండు పనులూ చేసినవాడు ఒక్కడే. చదువు నలుగురికీ అందిన తరువాతనే ఆ ఒక్కడు ఇద్దరయ్యాడు.

మూలం గ్రీకులో ఉంది. ‘క్లేరోస్’ అంటే చీట్లు వేసేటప్పుడు వాడే పుల్లముక్క లేదా పెంకుముక్క. ఆ చీటీ ద్వారా ఎవరికి ఏది దక్కిందో ఆ వంతు. ఆ వంతుగా వచ్చిన భూమి. చివరికి వారసత్వపు ఆస్తి. హోమర్ కావ్యం ఇలియడ్ ఏడవ సర్గలో ఈ మాటను పుట్టినచోటే చూడవచ్చు. ట్రాయ్ వీరుడు హెక్టర్ ద్వంద్వయుద్ధానికి సవాలు విసిరినప్పుడు తొమ్మిదిమంది గ్రీకు వీరులు లేస్తారు. ఒక్కొక్కరూ తన చీటీ మీద ఒక గుర్తు గీసి అగమెమ్నాన్ శిరస్త్రాణంలో వేస్తారు. నెస్టర్ దాన్ని కుదుపుతాడు, ఒక చీటీ బయటపడుతుంది. వార్తాహరుడు దాన్ని చేతబట్టుకుని వీరులందరికీ వరుసగా చూపిస్తూ పోతే, అజాక్స్ దగ్గరికి వచ్చేదాకా అది నాదని ఎవరూ అనరు. అజాక్స్ ఒక్కడే తాను గీసిన గుర్తును పోల్చుకుంటాడు. అక్కడ ఉన్నది గుర్తే గాని అక్షరం కాదు. అందుకే గీసినవాడు తప్ప మరెవరూ దాన్ని పోల్చలేకపోయారు. ఆ తరువాత వెయ్యేళ్లు దాటాక ఇదే క్లేరోస్ నుంచి పుట్టిన మాట ‘అక్షరం వచ్చినవాడు’ అనే అర్థానికి చేరుకుందంటే నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది.

మతంతో సంబంధం ఏర్పడక ముందే ఈ మాటకు పదవులతో సంబంధం ఉంది. ఏథెన్స్ ప్రజాపాలనలో 500 మంది సభ్యుల మండలినీ, న్యాయస్థానాల తీర్పరులనూ, చాలామంది అధికారులనూ చీట్ల ద్వారానే ఎంపిక చేసేవారు. అందుకోసం ‘క్లేరోటేరియన్’ అనే రాతిపలక ఉండేది; దానికి వరుసలుగా తొలిచిన సన్నని గాళ్లలో పేర్లు చెక్కిన రేకులు దూర్చి, నలుపూ తెలుపూ గుండ్లు వదిలి ఎవరు నెగ్గారో తేల్చేవారు.

క్రైస్తవంలోకి ఈ మాట రెండు దారుల్లో వచ్చింది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో, యూదా ఇస్కరియోతు ఖాళీ చేసిన స్థానానికి చీట్లు వేసి మత్తీయను ఎంచుకుంటారు. అక్కడి గ్రీకు మూలంలో ఉన్నది క్లేరోస్ మాటే. రెండవ దారి ద్వితీయోపదేశకాండములోనిది. దేవాలయ సేవకు కేటాయించిన లేవీ గోత్రానికి మిగిలిన గోత్రాల మాదిరి భూమిలో వంతు లేదు, దేవుడే వారి వంతు అని అందులో ఉంది. క్రీ.శ. 394 ప్రాంతంలో, బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్, నెపోషియన్ అనే యువ మతగురువుకు రాసిన ఉత్తరంలో, మతసేవకులకు ‘క్లెరికుస్’ అనే పేరు ఎందుకు వచ్చిందో చెబుతూ, వారు దేవుడి వంతుకు చెందినవారు గనుక గాని, దేవుడే వారి వంతు గనుక గాని అలా పిలుస్తారని వివరించాడు. అప్పటికే లాటిన్ చర్చిలో జనం రెండు భాగాలయ్యారు: క్లెరికుస్, లాయికుస్. రెండవది గ్రీకులో ప్రజలు అనే అర్థమున్న ‘లావోస్’ నుంచి వచ్చింది. మన ‘లౌకికుడు’ దానికి శబ్దంలోనూ అర్థంలోనూ దగ్గరగా వినిపిస్తుంది గాని ఆ రెండు మాటలకూ బంధుత్వం లేదు, ఒట్టి కాకతాళీయం.

ఇక మధ్యయుగాలకు వస్తే అసలు మలుపు అక్కడే ఉంది. పడమటి ఐరోపాలో రోమన్ పాలన కూలిన తరువాత చదవడమూ రాయడమూ చాలావరకు మఠాలకూ చర్చికీ పరిమితమయ్యాయి. క్లెరికుస్ అంటే చదువుకున్నవాడు, లాయికుస్ అంటే చదువురానివాడు అని వాడుక స్థిరపడింది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది: క్లెరికుస్ కావడానికి పూజలు జరిపే గురువు కానవసరం లేదు. నడినెత్తిన గుండ్రంగా జుట్టు గొరిగించుకుంటే చాలు, చర్చి చట్టం దృష్టిలో అతడు మతవర్గానికి చెందినట్లే. ఆపైన తలుపు కాసేవాడు, పాఠం చదివేవాడు, దయ్యాలను వెళ్లగొట్టేవాడు, దీపం పట్టేవాడు అని నాలుగు చిన్న అంతస్తులు ఉండేవి. వాటిలో ఉన్నవారు పెళ్లి చేసుకోవడానికి కూడా అడ్డు లేదు. పారిస్, ఆక్స్‌ఫర్డు విద్యార్థులంతా ఈ లెక్కలోకే వచ్చేవారు. అంటే జీవితంలో ఒక్కసారి కూడా పూజ జరిపించని, జరిపించే ఉద్దేశం కూడా లేని చదువుకున్న యువకులు వేలమంది క్లెరికుస్‌లుగా, అదే మాట ఇంగ్లీషు రూపంలో చెప్పాలంటే ‘క్లర్కులు’గా, ఉండేవారన్నమాట. గుమాస్తా పుట్టింది వీరిలోంచే. ఈ చిన్న అంతస్తులనూ, శిరోముండన విధినీ 1972లో ఆరవ పాల్ పోపు తొలగించేదాకా క్యాథలిక్ చర్చిలో అవి నామమాత్రంగానైనా మిగిలే ఉన్నాయి.

రాజులకు ఉత్తరాలు రాసేవారు కావాలి, ఆదాయవ్యయాలు పద్దు వేసేవారు కావాలి, శాసనాలకు నకళ్లు తీసేవారు కావాలి, అదంతా లాటిన్‌లో కావాలి. ఆ పని తెలిసినవారు మతవర్గంలోనే ఉన్నారు. రాజుకు ఇందులో ఇంకొక లాభం కూడా ఉండేది: జీతం తన బొక్కసం నుంచి ఇవ్వనక్కరలేదు. తన చేతిలో ఉన్న ఏదో ఒక పారిష్ (ఒక గురువు కింద ఉండే చర్చి పరిధి) ఆదాయాన్ని తన రాతగాడికి రాసిచ్చేస్తే సరిపోయేది. అతడు రాజధానిలో బల్ల దగ్గర కూర్చుంటాడు, ఎక్కడో దూరాన అతని పేరున ఉన్న చర్చిలో తక్కువ కూలికి కుదిరిన బదులు గురువు పూజలు జరిపిస్తాడు. ఈ ఏర్పాటును చర్చి సంస్కర్తలు ఎంత తిట్టిపోసినా అది శతాబ్దాలపాటు సాగింది. నా దృష్టిలో రెండర్థాల ముడి పడింది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే అతని జీతం మతగురువుది, అతని పని గుమాస్తాది, పిలుపు మాత్రం రెంటికీ ఒక్కటే.

ముడి విడిపోవడం కూడా నెమ్మదిగానే జరిగింది. 14వ శతాబ్దం చివరికి లౌకికులు ఈ కొలువుల్లోకి రావడం మొదలుపెట్టారు. 1389లో రాజభవనాల నిర్మాణం, మరమ్మతుల లెక్కలు చూసే ‘క్లర్క్ ఆఫ్ ద కింగ్స్ వర్క్స్’ పదవి కవి ఛాసర్‌కు దక్కింది, ఆయనకు మతవర్గంతో ఏ సంబంధమూ లేదు, పైగా పెళ్లయినవాడు. అయినా పాత నియమాలు అంత తొందరగా పోలేదు. లండన్ ఛాన్సరీ న్యాయస్థానంలో దావా కాగితాలన్నీ ఆరుగురు ప్రధాన గుమాస్తాల చేతుల మీదుగా పోవలసి ఉండేది. వారిని ‘సిక్స్ క్లర్క్స్’ అనేవారు. వారు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోయేది. చేసేది పూర్తిగా కాగితాల పని, నియమం మాత్రం సన్యాసిది. చివరికి వారికి పెళ్లి చేసుకునే అనుమతి ఇవ్వడానికి 1523లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. ఆ పదవులు 1842 దాకా ఉన్నాయి.

‘క్లరికల్’ రెండర్థాలనూ ఒకే తాడుతో కట్టిన వింత ఆచారం మరొకటి ఉంది. ఇంగ్లండులో దాన్ని ‘బెనిఫిట్ ఆఫ్ క్లర్జీ’ అనేవారు, అంటే మతవర్గానికి ఉన్న మినహాయింపు. నేరం చేసిన మతగురువును రాజు న్యాయస్థానం శిక్షించాలా, చర్చి న్యాయస్థానమా అన్న తగవులో రెండవ హెన్రీ రాజుకూ, ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌కూ పడలేదు. 1170 డిసెంబరు 29న కాంటర్‌బరీ చర్చిలోనే బెకెట్ హత్యకు గురయ్యాడు. ఆ హత్య తరువాత రాజు వెనక్కి తగ్గక తప్పలేదు. మతవర్గం వారిని ఘోరనేరాలకు రాజు న్యాయస్థానం ఉరితీయకూడదనే సూత్రం నిలబడింది. అయితే ముందు నిలబడిన ముద్దాయి నిజంగా మతవర్గం వాడో కాదో తేల్చడం ఎలా? జుట్టు గొరిగించుకోవడం ఎవరికైనా సాధ్యమే. కాలక్రమాన న్యాయస్థానాలు తేలికైన పరీక్ష ఒకటి పెట్టుకున్నాయి: చదివించడం. ఎక్కువగా చదివించిన భాగం 51వ కీర్తన మొదటి వచనం, దేవుడి కరుణను వేడుకునేది. అది చదవగలిగితే మెడ దక్కుతుంది గనుక దానికి ‘మెడ వచనం’ అని పేరు వచ్చింది. చదువు రానివారు కొందరు ఆ ఒక్క వచనాన్ని ముందుగానే కంఠస్థం చేసి పెట్టుకునేవారని కూడా చెబుతారు.

దీని పర్యవసానాన్ని ఒక్క క్షణం ఆలోచించండి. చదవడం వచ్చినవాడు మతగురువే అయి ఉంటాడన్న ఊహ, చదవడం వచ్చినవాడిని చట్టమే మతగురువుగా లెక్కించే స్థితికి తెచ్చింది. చదువు వ్యాపించేకొద్దీ అలా బయటపడే దొంగలు, హంతకులు పెరిగిపోవడంతో 1489లో ఏడవ హెన్రీ కాలపు చట్టం, మతవర్గం కానివారికి ఈ మినహాయింపు ఒక్కసారే వర్తిస్తుందని కట్టడి చేసి, మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి బొటనవేలి మీద కాల్చి ముద్ర వేయమంది: హత్యకు ఒక అక్షరం, మిగిలిన నేరాలకు మరొకటి. అక్షరం వల్ల బతికినవాడి చేతి మీద అక్షరమే వాత పడేది. 1598లో నాటకకర్త బెన్ జాన్సన్ ద్వంద్వయుద్ధంలో ఒక నటుణ్ణి చంపి, ఈ మినహాయింపు వల్లనే ఉరి తప్పించుకుని బొటనవేలి మీద వాతతో బయటపడ్డాడు. 1706లో చదివించే పరీక్షను తీసేశారు. అప్పటికి అది ఉత్త లాంఛనం. 1770లో అమెరికాలోని బోస్టన్‌లో జనం మీద జరిగిన కాల్పుల కేసులో నేరం రుజువైన ఇద్దరు బ్రిటిషు సైనికులు కూడా ‘మతవర్గం’ పేరు చెప్పుకునే, బొటనవేళ్లు కాల్పించుకుని విడుదలయ్యారు. ఇంగ్లండులో ఈ ఆచారం 1827లో రద్దయింది.

గుమాస్తా మతగురువు పనుల్లోంచి విడివడ్డాడు గాని, మతగురువు గుమాస్తా పనుల్లోంచి అంత త్వరగా బయటపడలేదు. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఇంగ్లండులో ప్రతి పారిష్ గురువూ ఆదివారం నాడు చర్చి పెద్దల సమక్షంలో, గడిచిన వారంలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఆ పుస్తకాన్ని దాచడానికి రెండు తాళాల పెట్టె ఉండాలి. ఒక తాళంచెవి గురువు దగ్గర, మరొకటి చర్చి పెద్దల దగ్గర. రాయడం మానేస్తే జరిమానా. జనన మరణ నమోదు ప్రభుత్వ కార్యాలయానికి మారేదాకా మూడువందల ఏళ్లపాటు ఆ దేశపు జనాభా దస్త్రం గురువు చేతిరాతలోనే ఉంది. ఈనాటి వంశచరిత్ర పరిశోధకులు దేవుడి ముందు చేసిన ప్రార్థనల కంటే ఆ గురువుల పద్దులకే ఎక్కువ రుణపడి ఉన్నారంటే ఎవరూ కాదనలేరు.

‘క్లరికల్ ఎర్రర్’ అనే పదబంధం కూడా ఈ నేపథ్యంలోనే రుచిస్తుంది. క్లరికల్ అనే విశేషణం మొదట మతవర్గానికే చెల్లేది. కార్యాలయపు రాతపనికి వర్తించడం 18వ శతాబ్దం చివరినాటి సంగతి. మఠాల్లో ప్రతులు రాసేవారికి పట్టుబడే తప్పులు కొన్ని ఉన్నాయి. రెండు వరుసలు ఒకే మాటతో ముగిస్తే కన్ను మొదటిదాని నుంచి రెండవదానికి దూకి మధ్యనున్నదంతా జారిపోవడం, ఒకసారి రాయవలసినదాన్ని రెండుసార్లు రాయడం, రెండుసార్లు ఉన్నదాన్ని ఒక్కసారితో సరిపెట్టడం. తాళపత్రాలు పరిష్కరించిన మన పండితులు ‘లేఖక ప్రమాదం’ అన్నది దీన్నే. ఐరోపా మధ్యయుగపు ప్రసంగాల్లో టిటివిల్లస్ అనే చిన్న దయ్యం కనబడుతుంది. ప్రార్థనలో గురువులు తొందరపడి మింగేసిన అక్షరాలను ఏరి సంచిలో వేసుకుని, తీర్పు రోజున లెక్క చూపించడం దాని ఉద్యోగం. తరువాతి కాలంలో రాతగాళ్ల తప్పులను కూడా దాని ఖాతాలోనే వేశారు. దయ్యం సైతం గుమాస్తాయే కావడం నాకు బాగా నచ్చిన సంగతి.

ఈనాటి న్యాయపరిభాషలో ఈ పదబంధానికి గట్టి పని ఉంది. ఇంగ్లీషు న్యాయ సంప్రదాయాన్ని అనుసరించే న్యాయస్థానాల్లో, ఇచ్చేసిన తీర్పును న్యాయమూర్తి తానే తిరగరాయడానికి సాధారణంగా వీలు లేదు. కాని అందులో లక్షకు బదులు పదిలక్షలని పడినా, వాది పేరు ప్రతివాది స్థానంలో పడినా, కూడిక తప్పినా ఆ న్యాయస్థానమే సరిదిద్దవచ్చు. తేడా ఏమిటంటే మొదటిది ఆలోచనలోని తప్పు, రెండవది చేతిలోని తప్పు. చట్టం క్లరికల్ అన్నప్పుడు ఉద్దేశించేది ఆ చేతినే. ఒకప్పుడు మేధకు గుర్తుగా ఉన్న మాట ఇప్పుడు మేధతో పనిలేని తప్పుకు పేరు కావడంలో ఆ మాట ఎంత దిగివచ్చిందో తెలుస్తుంది. ఫ్రెంచిలో రెండు దశలూ పక్కపక్కనే బతుకుతున్నాయి: ‘గొప్ప క్లెర్ కానక్కరలేదు’ అంటే పెద్ద పండితుడు కానక్కరలేదని; ‘క్లెర్ అడుగు’ అంటే అనుభవం లేక వేసిన తప్పటడుగు.

ఈ ప్రయాణం ఇంగ్లీషుకు మాత్రమే పరిమితమైన వింత కాదనడానికి వేరే మూలం నుంచి మంచి సాక్ష్యం ఉంది. చర్చిలో డీకన్ అనే అంతస్తుకు మూలమైన గ్రీకు మాట ‘డియాకొనోస్’, అంటే సేవకుడు. అది రష్యనులో ‘ద్యాక్’గా మారి, మాస్కో రాజుల కాలంలో ప్రభుత్వ శాఖ దస్త్రాలు నడిపే అధికారికి పేరైంది, అతని కింది రాతగాడు ‘పొద్యాచి’. అదే మాట హంగేరియనులో ‘దియాక్’ అయి, మొదట లాటిన్ వచ్చినవాడినీ, ఇప్పుడు విద్యార్థినీ సూచిస్తుంది. అక్కడా ఇక్కడా దారి ఒకటే: చర్చి నుంచి చదువుకు, చదువు నుంచి రాతబల్లకు. ‘ఛాన్సలర్’ కథ కూడా దీనికి దగ్గరిదే. లాటిన్‌లో ‘కాన్సెల్లి’ అంటే అల్లిక కటకటాలు. చర్చిలో బలిపీఠం ఉన్న భాగాన్ని జనం నుంచి వేరుచేసే కటకటాల వల్ల ఆ భాగానికి ‘ఛాన్సెల్’ అని పేరు. రోమన్ న్యాయస్థానంలో కటకటాల దగ్గర నిలబడిన చిన్న ఉద్యోగి ఎదిగి ఛాన్సలర్ అయ్యాడు. కాగితం మీది రాతను అడ్డగీతలతో కటకటాల్లా కొట్టేయడం ‘క్యాన్సిల్’ అయింది.

వాడుకలో చిక్కు లేకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న మాటలను చూడడమే మార్గం. ‘క్లరికలిజం’, ‘యాంటీ క్లరికల్’ అన్నచోట గుమాస్తా ఊసే ఉండదు; 1877లో ఫ్రెంచి నాయకుడు గాంబెట్టా ‘క్లరికలిజమే శత్రువు’ అన్నప్పుడు ఆయన ఉద్దేశించింది రాజకీయాల్లో చర్చి జోక్యాన్ని. 1979 ఇస్లామిక్ విప్లవం తరువాతి ఇరాన్ గురించి రాసేటప్పుడు ఇంగ్లీషు పత్రికలు ఈ మాటను ధారాళంగా వాడతాయి, చర్చిలో గురువుగా అభిషేకించే విధి లాంటిది ఇస్లాంలో లేకపోయినా సరే. ‘క్లరికల్ స్టాఫ్’, ‘క్లరికల్ గ్రేడ్’ అన్నచోట మతం ఉండదు. తెలుగు మనకు ఈ తంటా పెట్టదు: ‘క్లర్కు’ను మనం కార్యాలయపు అర్థంలోనే తీసుకున్నాం, మతగురువుకు వేరే మాటలు ఉన్నాయి. కాబట్టి అనువాదంలో ‘క్లరికల్’ను తెలుగు లిపిలో అలాగే దించేయడం మంచిది కాదు. చదివేవాడికి తట్టేది గుమాస్తాయే; ‘క్లరికల్ పాలన’ అన్నామంటే ఏదో సెక్షను ఆఫీసు దేశాన్ని ఏలుతున్నట్లు ఉంటుంది. సందర్భాన్ని బట్టి రాతపొరపాటు, కార్యాలయ సిబ్బంది, మతగురువుల పాలన అని విడదీసి రాయడమే మేలు.

క్లర్క్ అనే నామవాచకానికి మాత్రం పాత గౌరవం అక్కడక్కడా మిగిలే ఉంది. బ్రిటిషు కామన్స్ సభలో సభాధిపతికి విధివిధానాలు చెప్పే అత్యున్నత అధికారి పదవి పేరు క్లర్క్; ఆ కొలువు 1363 నుంచి ఉంది. అమెరికా సుప్రీంకోర్టులో 1882లో న్యాయమూర్తి హొరేస్ గ్రే మొదలుపెట్టిన ‘లా క్లర్క్’ ఉద్యోగం కోసం అక్కడి ఉత్తమ విద్యార్థులు పోటీపడతారు. అదే దేశంలో దుకాణంలో సరుకు అందించేవాడూ, హోటల్లో గది తాళం ఇచ్చేవాడూ క్లర్కులే. ఆంగ్లికన్ గురువును చట్టపత్రాల్లో ఇప్పటికీ ‘క్లర్క్ ఇన్ హోలీ ఆర్డర్స్’, అంటే పవిత్ర మతపదవిలో ఉన్న క్లర్క్, అని రాస్తారు. ఒట్టి క్లర్క్ అని ఊరుకుంటే చాలిన రోజుల్లో ఆ చివరి మాటలు అవసరం లేకపోయేవి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008లో సవరించిన వృత్తుల వర్గీకరణలో ఈ విడాకులు పూర్తిగా ఖరారయ్యాయి. దానికి ముందున్న వర్గీకరణలో నాలుగవ పెద్ద వర్గం పేరు ‘క్లర్కులు’. కొత్తదానిలో అది ‘క్లరికల్ సహాయక ఉద్యోగులు’ అయింది. మతగురువులు ఆ వర్గంలో లేరు. వారిని న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వైద్యులు ఉన్న రెండవ పెద్ద వర్గంలో, 2636 అనే అంకె కింద చేర్చారు.